లయన్స్‌గేట్ కొనుగోళ్లతో ఎలా పెద్దదైంది? తరచుగా అడిగే ప్రశ్నలు

సినిమా వ్యాపారం మీద ఆసక్తి ఉన్నవాళ్లతో మాట్లాడినప్పుడల్లా లయన్స్‌గేట్ అనే హాలీవుడ్ సంస్థ గురించి అవే సందేహాలు వస్తుంటాయి. ట్విలైట్ సినిమాలను వాళ్లే తీశారా, కొన్నారా? స్టార్జ్ అనే ఛానల్‌ని కొని మళ్లీ ఎందుకు వదులుకున్నారు? పాత సినిమాల కోసం అన్ని కోట్లు పెడతారా? అందుకే వాటన్నిటినీ దశలవారీగా ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్నైనా విడిగా చదువుకోవచ్చు. డబ్బు లెక్కలన్నీ డాలర్లలోనే ఉన్నాయి. 1 కోటి డాలర్లంటే వాళ్ల భాషలో పది మిలియన్లు.

## మొదటి అడుగులు: 1997 నుంచి 2000 వరకు

లయన్స్‌గేట్‌ని పెట్టింది సినిమా వాళ్లేనా?

కాదు. 1997లో కెనడాలోని వాంకూవర్‌లో ఫ్రాంక్ జ్యూస్ట్రా అనే ఆయన దీన్ని స్థాపించారు. ఆయన గని కంపెనీలకు పెట్టుబడులు సమకూర్చే రంగం నుంచి వచ్చినవారు. ఆ రంగంలో చిన్న కంపెనీలను కలిపి ఒక పెద్ద కంపెనీగా నిలబెట్టడం, షేర్ మార్కెట్ నుంచి డబ్బు తేవడం రోజూ జరిగే పనే. అదే పద్ధతిని ఆయన సినిమాకు తెచ్చారు. మొదటి ఏడాదిలోనే మాంట్రియల్‌లోని సినెపిక్స్ అనే నిర్మాణ, పంపిణీ సంస్థనూ, వాంకూవర్‌లోని నార్త్ షోర్ స్టూడియోస్ అనే షూటింగ్ ఫ్లోర్లనూ కొన్నారు. సినెపిక్స్ 1962 నుంచి నడుస్తున్న సంస్థ. అంటే కొత్త కంపెనీకి పుట్టిన రోజు నుంచే పాత అనుభవం, పాత సినిమాలు, పంపిణీ సంబంధాలు ఉన్నాయి. సొంతంగా ఒక్కొక్క సినిమా తీసుకుంటూ ఆ స్థాయికి రావాలంటే చాలా ఏళ్లు పట్టేది.

స్టూడియో అంటే ఫ్లోర్లు, స్థలాలు కదా. అవి ఇప్పుడు లయన్స్‌గేట్ దగ్గర ఉన్నాయా?

వాంకూవర్ ఫ్లోర్లను 2006లో అమ్మేశారు. స్టూడియో అనగానే మనకు సెట్లు, ఫ్లోర్లు, పెద్ద గేటు గుర్తొస్తాయి. హాలీవుడ్‌లో ఇప్పుడు స్టూడియో అంటే ముఖ్యంగా సినిమాకు డబ్బు పెట్టే, హక్కులు ఉంచుకునే, థియేటర్లకు చేర్చే సంస్థ అని అర్థం. షూటింగ్ ఫ్లోర్ అద్దెకు దొరుకుతుంది. హక్కులు అలా దొరకవు. లయన్స్‌గేట్ చరిత్ర చూస్తే స్థలాలను అమ్మి హక్కులను పోగేసుకున్న కంపెనీ అని తెలుస్తుంది. నాకైతే వాళ్ల తీరంతా ఈ ఒక్క నిర్ణయంలోనే కనిపిస్తుంది.

జాన్ ఫెల్ట్‌హైమర్ వచ్చాకే అసలు కథ మొదలైందంటారు. నిజమేనా?

చాలావరకు నిజమే. సోనీలో కొలంబియా ట్రైస్టార్ టెలివిజన్ విభాగాన్ని నడిపిన ఫెల్ట్‌హైమర్ 2000లో సీఈవోగా వచ్చారు. ఆయనతోపాటు మైకేల్ బర్న్స్ వైస్ ఛైర్మన్ అయ్యారు. బర్న్స్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్. ఒకరికి టీవీ, సినిమా వ్యాపారం తెలుసు, మరొకరికి డీల్ కట్టడం తెలుసు. ఇద్దరూ పాతికేళ్లు కలిసే ఉన్నారు. హాలీవుడ్‌లో స్టూడియో అధిపతులు మూడు నాలుగేళ్లకే మారిపోవడం మామూలు. ఒక కొనుగోలు ఫలితం తేలడానికి ఏడెనిమిదేళ్లు పట్టే వ్యాపారంలో, కొన్నవాళ్లే ఉండి దాన్ని నడిపించడం ఈ కంపెనీకి బాగా కలిసొచ్చింది. ఈ సంగతి గురించి ఎక్కువమంది మాట్లాడరు.

ట్రైమార్క్ పేరు ఎవరికీ తెలియదు. దాన్ని కొంటే ఏం వచ్చింది?

2000లో సుమారు 5 కోట్ల డాలర్ల నగదు, షేర్లు ఇచ్చి ట్రైమార్క్‌ని కొన్నారు. పెద్ద హిట్లు ఉన్న కంపెనీ కాదు. ఎక్కువగా వీడియో షాపుల్లో అద్దెకు పోయే హారర్, యాక్షన్ సినిమాలు ఉండేవి. కానీ 600కు పైగా టైటిళ్లతోపాటు (టైటిల్ అంటే విడి సినిమా లేదా సీరియల్) అమెరికాలో వీడియో క్యాసెట్లు, డీవీడీలు అమ్మే సొంత యంత్రాంగం వచ్చింది. అప్పటిదాకా లయన్స్‌గేట్ సినిమాలను వేరేవాళ్ల చేత వీడియోలో విడుదల చేయించుకోవాల్సి వచ్చేది, దానికి కమిషన్ పోయేది. సొంత అమ్మకాల బృందం ఉంటే తర్వాత కొనే ప్రతి పాత సినిమాల లైబ్రరీనీ అదే బృందం అమ్మగలదు, అదనపు ఖర్చు పెద్దగా ఉండదు. డీవీడీ గిరాకీ అప్పుడే ఊపందుకుంటోంది కూడా.

## లైబ్రరీ దశ: 2003 నుంచి 2008 వరకు

లైబ్రరీ అంటే ఏమిటి? పాత సినిమాలకు డబ్బు ఎవరిస్తారు?

ఒక కంపెనీకి హక్కులున్న సినిమాలు, సీరియళ్ల మొత్తాన్ని లైబ్రరీ అంటారు. థియేటర్లలో ఆడటం అయిపోయాక కూడా సినిమా సంపాదిస్తూనే ఉంటుంది. కేబుల్ ఛానల్ రెండేళ్లకు లైసెన్స్ తీసుకుంటుంది. గడువు తీరాక ఓటీటీ తీసుకుంటుంది. ఆ తర్వాత మరో దేశం ఛానల్. విమానాలు, హోటళ్లు, డీవీడీ, అద్దె డౌన్‌లోడ్, ఇప్పుడు యాడ్స్‌తో ఉచితంగా చూపించే ఇంటర్నెట్ ఛానళ్లు కూడా చేరాయి. ప్రతిసారీ అమ్మేది శాశ్వత హక్కు కాదు, కొంత కాలానికి, కొంత ప్రాంతానికి వాడుకునే అనుమతి మాత్రమే. గడువు ముగిస్తే హక్కు తిరిగి ఇంటికి వస్తుంది, మళ్లీ అమ్మవచ్చు.

కొత్త సినిమా ఏటా వేసే పైరు లాంటిదైతే లైబ్రరీ మామిడి తోట. కాపు ఒక ఏడాది తగ్గవచ్చు గానీ చెట్టు ఉంటుంది.

పెద్ద స్టూడియోల కింద లేని ఇండిపెండెంట్ కంపెనీకి దీనివల్ల పెద్ద మేలు ఒకటుంది. వరసగా మూడు నాలుగు సినిమాలు పోతే చిన్న స్టూడియో మూతపడుతుంది. 1980లు, 90లలో ఓరియన్, కరోల్కో లాంటివి ఒకప్పుడు వెలుగు వెలిగి అలాగే దివాలా తీశాయి. లైబ్రరీ నుంచి ఏటా వచ్చే డబ్బు ఆఫీసు ఖర్చులనూ వడ్డీనీ భరిస్తే ఫ్లాపుల ఏడాదిని దాటగలుగుతారు. పైగా బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు లైబ్రరీనే తాకట్టుగా చూస్తుంది. వచ్చే ఏడాది సినిమా ఆడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. వెయ్యి పాత సినిమాలు కలిసి ఎంత తెస్తాయో మాత్రం ఇంచుమించుగా లెక్క కట్టవచ్చు. ఇటీవలి సంవత్సరాల్లో లయన్స్‌గేట్‌కి లైబ్రరీ మీద ఏడాదికి వచ్చే ఆదాయం 90 కోట్ల డాలర్లు దాటింది.

ఆర్టిజన్ కొనుగోలు ఎందుకంత ముఖ్యం?

2003 చివర్లో ఆర్టిజన్ ఎంటర్‌టైన్‌మెంట్‌ని సుమారు 22 కోట్ల డాలర్లకు కొన్నారు. అందులో 16 కోట్లు నగదు, మిగతాది ఆర్టిజన్ నెత్తిన ఉన్న అప్పును తమ మీద వేసుకోవడం. చాలామందికి ఆర్టిజన్ అనగానే 1999లో నామమాత్రపు ఖర్చుతో తయారై ప్రపంచవ్యాప్తంగా 24 కోట్లకు పైగా వసూలు చేసిన బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్ గుర్తొస్తుంది. కానీ దాని అసలు విలువ వెనక గదిలో ఉంది. ఆర్టిజన్‌కి పూర్వరూపమైన లైవ్ ఎంటర్‌టైన్‌మెంట్ 1991లో వెస్ట్రాన్ అనే వీడియో కంపెనీని మింగింది. వెస్ట్రాన్ నిర్మించిన డర్టీ డాన్సింగ్ 1987 నుంచి ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉంది.

అంటే ఆర్టిజన్‌ని కొనడమంటే, అంతకుముందు ఎవరో కొన్న కంపెనీలన్నిటినీ ఒకేసారి కొనడం. అప్పటికి లయన్స్‌గేట్ తన లైబ్రరీ 8 వేల టైటిళ్లకు చేరిందని చెప్పుకుంది. అప్పట్లో డీవీడీ అమ్మకాలు బాగా జోరుగా ఉన్నాయి. పాత క్యాసెట్ సినిమాలను డీవీడీగా మార్చి మళ్లీ అమ్మితే చాలు, డబ్బు వచ్చేది. ఆ జోరు ఆ దశాబ్దం చివరికి తగ్గింది. అప్పటికే కొనుగోలు ఖర్చులో చాలా భాగం వెనక్కి రాబట్టుకోగల అవకాశం వాళ్లకు దొరికింది.

లైబ్రరీ కొంటే అందులోని ప్రతి సినిమా పూర్తిగా వాళ్లదే అయిపోతుందా?

కాదు, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ‘ఇన్ని వేల టైటిళ్లు’ అన్న లెక్కలో రకరకాల హక్కులు కలిసి ఉంటాయి. కొన్నిటికి కథ, పాత్రలు, సీక్వెల్ హక్కులతో సహా పూర్తి యాజమాన్యం ఉంటుంది. కొన్నిటికి అమెరికాలో పంపిణీ హక్కు మాత్రమే. కొన్నిటికి వీడియో హక్కు మాత్రమే, అదీ గడువు వరకే. ఉదాహరణకు టెర్మినేటర్ 2 డిస్కుల మీద అమెరికాలో చాలాకాలం లయన్స్‌గేట్ పేరే కనిపించేది. ఆ సినిమా హక్కుదారు మాత్రం ఫ్రాన్స్‌కు చెందిన స్టూడియోకెనాల్.

ఇంకో ఉదాహరణ: 2019లో నైవ్స్ అవుట్‌ని థియేటర్లలోకి తెచ్చింది లయన్స్‌గేట్. సినిమా పెద్ద హిట్టయింది. అయినా 2021లో దాని రెండు సీక్వెల్స్‌ని నెట్‌ఫ్లిక్స్ నేరుగా దర్శకనిర్మాతల దగ్గర నుంచి కొనుక్కుంది, ఎందుకంటే ఆ హక్కులు వాళ్ల చేతిలోనే ఉన్నాయి. ఏదైనా కంపెనీ లైబ్రరీ సంఖ్య విన్నప్పుడు వాటిలో పూర్తి యాజమాన్యం ఉన్నవెన్ని, సీక్వెల్ తీయగల హక్కు ఉన్నవెన్ని అని అడగాలి.

సా, క్రాష్ సినిమాలు కూడా కొన్న కంపెనీలతోపాటు వచ్చినవేనా?

కాదు. అవి విడిగా తీసుకున్న సినిమాలు. సుమారు 12 లక్షల డాలర్లతో తయారైన సా సినిమాను 2004 సండాన్స్ సినిమా ఉత్సవం నాటికే లయన్స్‌గేట్ పట్టుకుంది. అది ప్రపంచవ్యాప్తంగా 10 కోట్లు దాటింది, 2023 నాటికి ఆ వరసలో పది సినిమాలు వచ్చాయి. క్రాష్‌ని 2004 టొరంటో ఉత్సవంలో కొన్నారు. అది 2006లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ తెచ్చింది. అంతకుముందు పెద్ద స్టూడియోలు వివాదాలకు భయపడి వదిలేసిన డాగ్మా, ఫారెన్‌హైట్ 9/11 లాంటివాటి విడుదలలోనూ లయన్స్‌గేట్ చేయి ఉంది. ఒక్కొక్క సినిమాను సినిమా ఉత్సవాల్లో కొనడం, కంపెనీలను కంపెనీలుగా కొనడం రెండూ పక్కపక్కనే సాగాయి. మొదటిది పేరు తెచ్చింది, రెండోది పునాది వేసింది.

మాండేట్, రెడ్‌బస్, డెబ్‌మార్ లాంటి చిన్న కొనుగోళ్లు దేనికి?

ఒక్కోటి ఒక్కో లోటు తీర్చడానికి. 2005లో బ్రిటన్‌లోని పంపిణీ సంస్థ రెడ్‌బస్‌ని కొన్నారు, అదే లయన్స్‌గేట్ యూకే అయింది. 2006లో డెబ్‌మార్-మెర్క్యురీ వచ్చింది, అది అమెరికాలోని స్థానిక టీవీ స్టేషన్లకు కార్యక్రమాలు అమ్మే సంస్థ. 2007లో మాండేట్ పిక్చర్స్ అనే నిర్మాణ సంస్థ వచ్చింది. మాండేట్‌తోపాటు వచ్చిన జో డ్రేక్ చేతికే సినిమా విభాగాన్ని అప్పగించారు. చిన్న కంపెనీని కొన్నప్పుడు చాలాసార్లు అసలు కొనేది దాన్ని నడిపే మనిషినే.

## కుదుపుల దశ: 2009 నుంచి 2011 వరకు

టీవీ గైడ్ నెట్‌వర్క్ కొనడం లాభమా, నష్టమా?

నా దృష్టిలో అది వాళ్ల తీరుకు సరిపడని కొనుగోలు. 2009లో సుమారు 25 కోట్ల డాలర్లకు ఆ కేబుల్ ఛానల్‌నీ, దాని వెబ్‌సైట్‌నీ కొన్నారు. కోట్ల ఇళ్లకు చేరే ఛానల్ చేతిలో ఉంటే మన సినిమాలు మనమే వేసుకోవచ్చన్నది ఆలోచన. కానీ జనం ఆ ఛానల్‌ని చూసింది కార్యక్రమాల పట్టిక కోసం. ఆ అవసరం అప్పటికే సెట్‌టాప్ బాక్సులతో తీరిపోతోంది. కొన్న కొద్ది నెలలకే 49 శాతం వాటాను ఒక పెట్టుబడి సంస్థకు సుమారు 12 కోట్లకు ఇచ్చి రిస్క్ తగ్గించుకున్నారు. ఆ వాటా 2013లో అమెరికా టీవీ సంస్థ సీబీఎస్ చేతికి వెళ్లింది. 2019లో లయన్స్‌గేట్ తన మిగతా భాగాన్ని కూడా సీబీఎస్‌కే అమ్మి బయటపడింది. వాటా అమ్మి భారం దించుకున్న వేగం మెచ్చుకోదగ్గది. ఛానల్ వ్యాపారం మీద మక్కువ మాత్రం పోలేదు.

కార్ల్ ఐకాన్ గొడవ ఏమిటి? అతను కంపెనీని లాక్కోబోయాడా?

అవును, గట్టిగానే ప్రయత్నించాడు. ఐకాన్ పేరున్న వాల్ స్ట్రీట్ ఇన్వెస్టర్. కంపెనీల్లో వాటా కొని, యాజమాన్యాన్ని మార్చాలని ఒత్తిడి తేవడం ఆయన పద్ధతి. లయన్స్‌గేట్ వరసగా కంపెనీలను కొనడం ఆయనకు నచ్చలేదు. డబ్బు వృథా అవుతోందన్నది ఆయన వాదన. 2010లో వాటాదారులందరికీ ఒక్కో షేరుకు 6 డాలర్లు ఇస్తానని మొదలుపెట్టి, తర్వాత ధర పెంచుతూ పోయాడు. అదే సమయంలో లయన్స్‌గేట్ యాజమాన్యం ఎంజీఎం అనే పాత హాలీవుడ్ స్టూడియోని కొనాలని చూస్తోంది.

2010 జూలైలో బోర్డు ఒక ఎత్తు వేసింది. బోర్డు సభ్యుడు మార్క్ రాషెస్కీకి చెందిన ఫండ్ దగ్గరికి చేరిన సుమారు 10 కోట్ల డాలర్ల అప్పు పత్రాలను షేర్లుగా మార్చింది. మొత్తం షేర్లు పెరిగేసరికి ఐకాన్ వాటా శాతం పలచబడింది. ఆయన కోర్టులకెక్కాడు గానీ దాన్ని ఆపలేకపోయాడు. ఆ డిసెంబరులో వాటాదారులు పాత బోర్డునే ఎన్నుకున్నారు. 2011 ఆగస్టులో షేరుకు 7 డాలర్ల చొప్పున తన వాటా వదులుకోవడానికి ఐకాన్ ఒప్పుకున్నాడు. ఎంజీఎం మాత్రం లయన్స్‌గేట్‌కి దక్కలేదు. వాటాదారుగా ఆయన అడిగిన ప్రశ్నలు తప్పుడువి కావు. టీవీ గైడ్ విషయంలో ఆయన చెప్పిందే నిజమైంది కూడా. కానీ ఆయన మాట నెగ్గి ఉంటే ట్విలైట్ తీసిన సమ్మిట్ సంస్థ కొనుగోలు జరిగేది కాదేమో.

## సమ్మిట్ దశ: 2012

ట్విలైట్ అయిపోతున్న సమయంలో సమ్మిట్‌ని ఎందుకు కొన్నారు?

2012 జనవరిలో 41.25 కోట్ల డాలర్ల నగదు, షేర్లతో సమ్మిట్ ఎంటర్‌టైన్‌మెంట్‌ని కొన్నారు. అప్పటికి ట్విలైట్ వరసలో నాలుగు సినిమాలు వచ్చేశాయి, ఒక్కటే మిగిలింది. ‘పిండుకున్న చెరకు కొన్నారు’ అన్నవాళ్లు ఉన్నారు. ఆ మిగిలిన ఒక్కటీ ఆ నవంబరులో వచ్చి ప్రపంచవ్యాప్తంగా 80 కోట్లు దాటింది.

కానీ అసలు కారణం వేరు. సమ్మిట్ మొదట్లో అమెరికన్ సినిమాలను విదేశీ పంపిణీదారులకు అమ్మిపెట్టే సంస్థ. దాన్ని నడిపినవాళ్లలో ఒకరైన పాట్రిక్ వాక్స్‌బర్గర్‌కి దేశదేశాల బయ్యర్లతో పాత పరిచయాలు. సినిమా మొదలవకముందే ఫ్రాన్స్, జర్మనీ, జపాన్ లాంటి చోట్ల హక్కులు అమ్మి అడ్వాన్స్ తీసుకుంటే బడ్జెట్‌లో పెద్ద భాగం ముందే వెనక్కి వస్తుంది. లయన్స్‌గేట్‌కి ఆ బలం తక్కువ. సొంత ఫ్రాంచైజీలతో పెద్ద బడ్జెట్‌లకు వెళ్తున్న సమయంలో ఆ యంత్రాంగం చాలా అవసరమైంది. తర్వాత జాన్ విక్, లా లా ల్యాండ్ రెండూ సమ్మిట్ బ్యానర్ మీదే వచ్చాయి.

ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. ట్విలైట్ నవల హక్కులు ముందు పారమౌంట్ చేతిలో ఉండి, వాళ్లు వదిలేశాక సమ్మిట్‌కి దొరికాయి. పెద్దవాళ్లు జారవిడిచినదాన్ని ఇండిపెండెంట్ పట్టుకుంది, ఆ ఇండిపెండెంట్‌ని ఇంకో ఇండిపెండెంట్ కొనుక్కుంది.

అంత డబ్బు లయన్స్‌గేట్ దగ్గర ఉందా?

పూర్తిగా లేదు. చెల్లింపులో పెద్ద భాగం సమ్మిట్ ఖాతాలోనే ఉన్న నగదు నుంచి వచ్చింది. ట్విలైట్ వసూళ్లతో దాని దగ్గర డబ్బు పోగై ఉంది. లయన్స్‌గేట్ జేబు నుంచి పెట్టింది కొంత, షేర్ల రూపంలో ఇచ్చింది కొంత. సమ్మిట్ పాత అప్పు తీర్చడానికి 50 కోట్ల డాలర్ల కొత్త రుణం తీసుకున్నారు. కొనే కంపెనీ చేతిలో ఉన్న డబ్బుతోనే దాన్ని కొనడం వినడానికి వింతగా ఉంటుంది, కానీ ఇలాంటి డీల్స్‌లో కొత్తేమీ కాదు. అమ్మేవాళ్లకు ఖాతాలోని నగదుతోపాటు దానిమీద ధర కూడా కావాలి. కొనేవాళ్లు అప్పు, వడ్డీ భారం మోయాలి. మరుసటి సినిమాలు ఆడకపోతే ఆ రుణమే మెడకు చుట్టుకునేది.

హంగర్ గేమ్స్ కూడా సమ్మిట్‌తో వచ్చిందేనా?

కాదు. ఆ నవల హక్కులను లయన్స్‌గేట్ 2009లోనే తీసుకుంది. సినిమా విడుదలైంది 2012 మార్చి 23న, సమ్మిట్ డీల్ ముగిసిన రెండు నెలలకు. అందుకే జనం రెండింటినీ కలిపేస్తారు. అది ప్రపంచవ్యాప్తంగా 69 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఒకే ఏడాది ఒక సొంత ఫ్రాంచైజీ మొదలవడం, ఒక కొన్న ఫ్రాంచైజీ ఘనంగా ముగియడం వల్ల లయన్స్‌గేట్ తొలిసారి పెద్ద స్టూడియోల వరసలో నిలబడింది.

కంపెనీ కొన్నాక లోపలి ఉద్యోగుల సంగతేమిటి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, అడగాల్సింది మాత్రం ఇదే. రెండు కంపెనీలకూ పబ్లిసిటీ, లీగల్, అకౌంట్స్, పంపిణీ విభాగాలు ఉంటాయి. కలిపాక ఒక్కోటి చాలు. ‘ఖర్చు ఆదా’ అని ప్రకటనల్లో కనిపించే మాటకు అర్థం ఎక్కువగా ఉద్యోగాల కోతే. పైస్థాయిలోనూ కుర్చీలు మారతాయి. సమ్మిట్ నుంచి వచ్చిన రాబ్ ఫ్రీడ్‌మన్, వాక్స్‌బర్గర్ లయన్స్‌గేట్ సినిమా విభాగానికి అధిపతులయ్యారు. అప్పటిదాకా దాన్ని నడిపిన జో డ్రేక్ తప్పుకున్నారు, హంగర్ గేమ్స్ ఆయన హయాంలోనే తయారైనా సరే. 2017లో ఆయన మళ్లీ అదే సంస్థకు తిరిగొచ్చారు.

## స్టార్జ్, ఈ-వన్, విడిపోవడం: 2016 నుంచి 2025 వరకు

440 కోట్ల డాలర్లు పెట్టి స్టార్జ్‌ని ఎందుకు కొన్నారు?

స్టార్జ్ అమెరికాలో నెలనెలా చందా కట్టి చూసే ఛానల్. 2016 నాటికి 2 కోట్లకు పైగా చందాదారులు. సినిమా ఆడినా ఆడకపోయినా నెల తిరిగేసరికి వచ్చే డబ్బు అది. అప్పటికే నెట్‌ఫ్లిక్స్ ఎదుగుతోంది, సొంత తెర లేని స్టూడియోకి భవిష్యత్తు ఉండదన్న టెన్షన్ అందరిలో ఉంది. కేబుల్ రంగంలో పెద్ద పేరైన జాన్ మలోన్‌కి రెండు కంపెనీల్లోనూ వాటా ఉంది. 2015లో షేర్లు మార్చుకుని ఆయన లయన్స్‌గేట్ బోర్డులోకి వచ్చారు. మరుసటి ఏడాది జూన్‌లో డీల్ ప్రకటించి డిసెంబరులో ముగించారు. ఓటు హక్కు ఉన్న షేర్లు, లేని షేర్లు అని రెండు రకాలుగా కంపెనీ షేర్లను విడదీసింది కూడా అప్పుడే. సమ్మిట్‌కి పెట్టినదానికి ఇది పదింతలకు పైనే.

మరి అంత పెట్టి కొన్న స్టార్జ్‌ని ఎందుకు వదిలేశారు?

రెండు వ్యాపారాలూ ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. స్టూడియో తన సరుకును ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్లకు అమ్మాలి. సొంత ఛానల్ ఉంటే మంచివి దానికే ఉంచమంటుంది. ఈలోగా అమెరికాలో జనం కేబుల్ కనెక్షన్లు తీసేస్తూ వచ్చారు, స్టార్జ్ ఓటీటీగా మారడానికి ఖర్చు పెరిగింది. మార్కెట్ కూడా రెండింటినీ కలిపి చూసి తక్కువ విలువ కట్టింది.

2022లో స్టార్జ్‌కి సంబంధించి 140 కోట్ల డాలర్లకు పైగా గుడ్‌విల్ కొట్టేశారు. గుడ్‌విల్ అంటే ఒక కంపెనీని దాని ఆస్తుల విలువ కంటే ఎక్కువ పెట్టి కొన్నప్పుడు ఆ తేడాను లెక్కల్లో రాసుకునే పద్దు. దాన్ని కొట్టేయడమంటే అంత విలువ ఇక లేదని ఒప్పుకోవడం. ఆ క్షణాన నగదు ఏమీ పోదు, అది కొన్న రోజే వెళ్లిపోయింది.

2024 మేలో స్టూడియో విభాగాన్ని షేర్ మార్కెట్‌లో ఉన్నా సొంత వ్యాపారం లేని ఒక ఖాళీ కంపెనీతో కలిపి విడి షేరుగా తెచ్చారు. అప్పటికి 87 శాతం మాతృసంస్థ దగ్గరే ఉంది. 2025 మేలో లయన్స్‌గేట్, స్టార్జ్ పూర్తిగా రెండు వేర్వేరు కంపెనీలయ్యాయి.

హాస్‌బ్రో 400 కోట్లకు కొన్న ఈ-వన్ లయన్స్‌గేట్‌కి అంత చవకగా ఎలా దొరికింది?

బొమ్మల కంపెనీ హాస్‌బ్రో 2019లో ఈ-వన్‌ని (ఎంటర్‌టైన్‌మెంట్ వన్ అనే సినిమా, టీవీ సంస్థ) సుమారు 400 కోట్ల డాలర్లకు కొంది. 2023 డిసెంబరులో లయన్స్‌గేట్‌కి 37.5 కోట్ల నగదుకు ఇచ్చింది, దానితోపాటు కొన్ని నిర్మాణ రుణాల బాధ్యత కూడా. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పెప్పా పిగ్ లాంటి పిల్లల బ్రాండ్లను హాస్‌బ్రో తన దగ్గరే ఉంచుకుంది, మ్యూజిక్ వ్యాపారాన్ని అంతకుముందే వేరేవాళ్లకు అమ్మింది. అయినా చవకే. హాస్‌బ్రోకి సినిమా, టీవీ నిర్మాణం భారమైంది, ఓటీటీలు ఖర్చు తగ్గించుకుంటున్న కాలం అది. లయన్స్‌గేట్‌కి 6,500 దాకా టైటిళ్లు చేరాయి, మొత్తం లైబ్రరీ 20 వేలు దాటింది.

ఇందులో ఓ విశేషం ఉంది. కెనడా పంపిణీ చూసుకోవడానికి లయన్స్‌గేట్ 2005లో మేపుల్ పిక్చర్స్ అనే సంస్థను విడదీసి, 2011లో అలయన్స్ అనే మరో పంపిణీ సంస్థకి అమ్మించింది. అలయన్స్‌ని 2013లో ఈ-వన్ కొంది. చివరికి ఈ-వన్ వచ్చి లయన్స్‌గేట్‌లోనే చేరింది.

## మన వైపు నుంచి వచ్చే ప్రశ్నలు

ఇన్ని కంపెనీలు కొన్నాక కూడా ఇండిపెండెంట్ అనవచ్చా?

డిస్నీ, వార్నర్, యూనివర్సల్, సోనీ, పారమౌంట్ లాంటి పెద్ద గొడుగుల కింద లేదన్న అర్థంలో అనవచ్చు. చిన్నది అన్న అర్థంలో అయితే ఎప్పుడో కాకుండా పోయింది, అందుకే ‘మినీ మేజర్’ అంటారు. మిరామాక్స్‌ని 1993లో డిస్నీ కొంది. న్యూ లైన్ 1994లో టర్నర్‌కి, అక్కడి నుంచి వార్నర్‌కి వెళ్లి 2008లో దానిలో కలిసిపోయింది. అమ్ముడుపోకుండా కొంటూ నిలబడిన సంస్థ కావడం వల్లే లయన్స్‌గేట్‌ని ప్రత్యేకంగా చూడాలంటాను.

లయన్స్‌గేట్ సినిమాలు తెలుగులో వస్తున్నాయి కదా, అదీ ఈ కొనుగోళ్ల ఫలితమేనా?

పరోక్షంగా అవును. 2020 డిసెంబరులో లయన్స్‌గేట్ ప్లే అనే ఓటీటీ ఇండియాలో యాప్‌గా వచ్చింది. తెలుగు, తమిళం, హిందీ డబ్బింగ్‌లతో సినిమాలు పెట్టింది. ఒక కొత్త దేశంలో ఓటీటీ మొదలుపెట్టాలంటే మొదటి రోజే వందల టైటిళ్లు చూపించాలి. ఏళ్ల తరబడి పోగేసిన లైబ్రరీ ఉంది కాబట్టే అది వీలైంది.

మన తెలుగు నిర్మాతలకు ఇందులో పనికొచ్చేది ఏమైనా ఉందా?

ఉంది, అందుకే ఈ కంపెనీ మీద నాకింత ఆసక్తి. శాటిలైట్ ఛానళ్లు వచ్చిన 1990లలో మన నిర్మాతలు ఎంతోమంది పాత సినిమాల హక్కులను ఒక్కసారి వచ్చే మొత్తానికి శాశ్వతంగా రాసిచ్చేశారు. కొందరు నెగటివ్ హక్కులే అమ్ముకున్నారు. అప్పుల ఒత్తిడిలో వాళ్లకు వేరే దారి లేదు, వాళ్లని తప్పుపట్టలేం. ఆ తర్వాత యూట్యూబ్ వచ్చింది, ఓటీటీ వచ్చింది, 2022 నుంచి తెలుగు రాష్ట్రాల్లో పాత హిట్ల రీ-రిలీజ్‌లు థియేటర్లను నింపాయి. ఆ డబ్బు చాలా సందర్భాల్లో సినిమా తీసినవాళ్ల ఇంటికి చేరలేదు.

ఇప్పుడు సినిమా తీస్తున్నవాళ్లు కనీసం అగ్రిమెంట్‌లో ఒక్క సంగతి చూసుకోవాలి: డిజిటల్, శాటిలైట్, రీమేక్, డబ్బింగ్, రీ-రిలీజ్ హక్కులను విడివిడిగా, ఒక్కోదానికి గడువు పెట్టి రాయించుకోవాలి. గడువు లేకుండా ‘భవిష్యత్తులో వచ్చే అన్ని మాధ్యమాలు’ అన్న మాట కనిపిస్తే సంతకం ముందు లాయర్‌కి చూపించాలి. ఐదారు చిన్న బ్యానర్లు తమ దగ్గర మిగిలిన పాత సినిమాల హక్కులను కలిపి ఒకే సంస్థగా అమ్మకానికి పెట్టినా, విడివిడిగా వెళ్లినప్పటికంటే మంచి ధర అడగగలుగుతాయి. లయన్స్‌గేట్ 1997లో వాంకూవర్, మాంట్రియల్ సంస్థలను కలిపి చేసింది ఇంచుమించుగా ఇదే.